నాచు బయోచార్‌తో అద్దకపు నీళ్లు: మిథిలీన్ బ్లూ పోతోంది, రియాక్టివ్ రంగు కదలట్లేదు

ఉల్వా_విశాఖ
అందరికీ నమస్కారం. విశాఖ తీరంలో రాళ్లకు పట్టే ఉల్వా నాచుతో చేసిన బయోచార్ (గాలి తగలకుండా కాల్చిన బొగ్గు) మీద సలహా కావాలి. నాచును కుళాయి నీళ్లతో కడిగి, ఎండబెట్టి, పొడి కొట్టి, మూత ఉన్న మూసలో 450 డిగ్రీల దగ్గర గంటసేపు కాల్చినది. దిగుబడి 46%. లీటరుకు 1 గ్రాము వేస్తే 50 మి.గ్రా. మిథిలీన్ బ్లూ (ధనావేశమున్న రంగు) ఉన్న నీటిలో 96% రంగు పోతోంది. అదే బొగ్గు నూలు అద్దకం యూనిట్ నుంచి వచ్చిన నీటిలో వేస్తే 11% మాత్రమే. పైగా నీళ్లకు కొంచెం పసుపు జీర వస్తోంది.

సున్నా ఆవేశ బిందువు (బొగ్గు ఉపరితలం మీద ఆవేశం సున్నా అయ్యే పీహెచ్; దానికి కింద ధనావేశం, పైన ఋణావేశం) 9.8 వచ్చింది. అంటే పీహెచ్ 9 దగ్గర కూడా ఉపరితలం మీద ధనావేశమే ఉండాలి కదా? ఋణావేశమున్న రియాక్టివ్ రంగు (నూలుతో రసాయన బంధం కట్టే రకం) ఎందుకు అంటుకోవట్లేదు? యూనిట్ నీళ్లు రోజుకు 10,000 లీటర్లు.

పాత_ల్యాబు
మీ 9.8 మీదే నాకు అనుమానం. ఆమ్లంతో కడగని నాచు బొగ్గులో బూడిద సగం దాకా ఉండొచ్చు. పొటాషియం, కాల్షియం, మెగ్నీషియం కార్బొనేట్లూ ఆక్సైడ్లూ అన్నీ నీళ్లలో దిగి పీహెచ్‌ని పైకి నెడతాయి. ఫ్లాస్కులో మీరు కొలిచింది ఆ బూడిద క్షారగుణం. బొగ్గు ఉపరితలం మీది ఆవేశం సంగతి దానివల్ల తెలియదు. కొంత బొగ్గును 0.1 మోలార్ హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో రెండు గంటలు కలిపి, కడిగిన నీళ్లు తటస్థంగా వచ్చేదాకా స్వేదనజలంతో కడిగి ఆరబెట్టండి. తరవాత 0.01 మోలార్ ఉప్పు ద్రావణం 50 మి.లీ. చొప్పున తీసుకుని, పీహెచ్ 2 నుంచి 12 దాకా సర్ది, ఒక్కోదాంట్లో 0.1 గ్రా. వేసి 24 గంటలు మూతపెట్టి ఆడించండి. నీళ్లు ముందే మరిగించి చల్లార్చినవై ఉండాలి. లేకపోతే గాలిలోని కార్బన్ డయాక్సైడ్ పీహెచ్ 7–9 మధ్య బిందువులను చెడగొడుతుంది. ఈసారి ఆ బిందువు బాగా కిందికి దిగుతుంది చూడండి. యూనిట్ నీళ్ల పీహెచ్ దానికంటే ఎంతో పైన ఉంటుంది. అప్పుడు బొగ్గుమీదా ఋణావేశమే, రంగుమీదా ఋణావేశమే. ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి తప్ప అంటుకోవు.

ఆ 96% కూడా అంతా నమ్మకండి. మూడు నియంత్రణ సీసాలు లేకుండా ఆ అంకె రాయకూడదు.

మొదటిది: రంగు నీళ్లు, బొగ్గు లేకుండా, పీహెచ్ మాత్రం బొగ్గు వేశాక వచ్చినంతకు కాస్టిక్‌తో పెంచినది. మిథిలీన్ బ్లూ గట్టి క్షారంలో దానంతటదే మారిపోతుంది, కాంతి శోషణ శిఖరం జరుగుతుంది. రెండోది: బొగ్గు, మామూలు నీళ్లు, రంగు లేకుండా. మీ పసుపు జీర ఎక్కడిదో ఇందులోనే కనబడుతుంది. 450 దగ్గర పూర్తిగా కాలని తారు పదార్థం నీళ్లలోకి దిగుతోందని నా అంచనా. మూడోది: బొగ్గు కలపని రంగు నీళ్లనే ఫిల్టర్ గుండా పంపి కొలవడం. సెల్యులోజ్ నైట్రేట్ ఫిల్టర్ మిథిలీన్ బ్లూని గటగటా తాగేస్తుంది. ఫిల్టర్ చేసిన ఘనత బొగ్గు ఖాతాలో పడుతుంది. 4,000 ఆర్‌పీఎం దగ్గర పది నిమిషాలు సెంట్రిఫ్యూజ్ చేసి పైతేట తీసుకోవడం మేలు.

664 నానోమీటర్ల దగ్గర అమరిక రేఖ (గాఢతకు కాంతి శోషణ ఎంతో చూపే గీత) లీటరుకు 5 మి.గ్రా. దాకా గీయండి, చిక్కటి నమూనాలను పలుచన చేసి కొలవండి. గాఢత పెరిగితే అణువులు జంటలు కట్టి 610 పరిసరాల్లో భుజం లేస్తుంది, రేఖ వంగిపోతుంది.

కొలిమి
కాల్చడం గురించి నాలుగు మాటలు. 46% దిగుబడి చూసి సంతోషించకండి, అందులో బూడిదెంతో చూడండి. గ్రాము బొగ్గును తెరిచిన మూసలో 750 దగ్గర బరువు నిలకడ పడేదాకా కాల్చి తూకం వేస్తే తెలిసిపోతుంది. ఆ బూడిదను ఆమ్లంలో కరిగిస్తే అడుగున మిగిలేది చాలామటుకు ఇసుక. తీరం నాచులో ఇసుక ఎంత దులిపినా ఉంటుంది. బకెట్లో ముంచి, పైకి తేలిన నాచునే చేత్తో తీసి, అడుగు పారబోస్తూ మంచినీళ్లతో కడగాలి. కడిగిన నీళ్లలో ఉప్పు తగ్గిందో లేదో టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాల మొత్తం) కొలిచే పుల్లతో చూసుకోవచ్చు. ఉప్పు మిగిలితే కాల్చేటప్పుడు క్లోరైడ్ ఆవిరి 304 స్టీలు డబ్బాను తినేస్తుంది, లోపల తుప్పు పొరలు లేచి బొగ్గులో ఇనుము కలుస్తుంది. పింగాణీ మూస వాడండి.

నైట్రోజన్ గొట్టం లేని మఫిల్ ఫర్నేస్ అయితే: మూసను పొడితో నిండా కూరండి, ఖాళీ ఉంటే గాలి ఉన్నట్టే. మూత అంచుకు బంకమట్టి మెత్తండి, ఆవిర్లు పోవడానికి సూదిబెజ్జం వదలండి. ఈ మూసను పెద్ద మూసలో పెట్టి మధ్య ఖాళీలో మామూలు బొగ్గుపొడి పోయండి. లోపలికొచ్చే ఆక్సిజన్‌ను ముందు అది తింటుంది. అల్యూమినియం ఫాయిల్ చుట్టే అలవాటున్నవాళ్లు గుర్తుపెట్టుకోండి, అది 660 దగ్గర కరిగిపోతుంది. నిమిషానికి 5 డిగ్రీల చొప్పున 600 దాకా, అక్కడ గంటన్నర. మూస 80 డిగ్రీల కిందికి చల్లారేదాకా తలుపు తెరవొద్దు. వేడి బొగ్గుకు గాలి తగిలితే రాజుకుంటుంది, పైన తెల్లటి మచ్చలు కట్టాయంటే కాలిపోయినట్టే.

వాసన సంగతి. ఉల్వాలో గంధకం, మాంసకృత్తులు రెండూ ఉన్నాయి. పొగలో అమ్మోనియా, హైడ్రోజన్ సల్ఫైడ్‌తో పాటు హైడ్రోజన్ సయనైడ్ కూడా వస్తుంది. ఫ్యూమ్ హుడ్ లేని గదిలో వద్దు. పెద్ద ఎత్తున చేసేటప్పుడు ఆ పొగను మంటలోకి మళ్లించి కాల్చేయాలి.

నూలుపోగు
అన్నలూ, ముందుగాల ఏ రంగో అడగుండ్రి. అద్దకం నీళ్లన్నీ ఒక్కతీరుగ ఉండయి.

నూలుకు రియాక్టివ్ వేస్తే తొట్టిలో లీటరుకు 50 నుంచి 80 గ్రాముల ఉప్పో గ్లాబర్ సాల్టో (సోడియం సల్ఫేట్) ఉంటది, మీదికెల్లి సోడా యాష్ (సోడియం కార్బొనేట్). పీహెచ్ 10.5–11. నూలుకు పట్టని రంగు నీళ్లతోని కలిసి హైడ్రలైజ్ అయితది, మళ్ల దేనికీ పట్టదు, మడ్డి కట్టి దిగదు. పటిక వేసినా సగమే పోతది. వ్యాట్ రంగైతే మీ బొగ్గే అక్కర్లేదు: హైడ్రోస్‌తోని (సోడియం హైడ్రోసల్ఫైట్) కరిగిచ్చిన రంగు గాలి తగిలితే మళ్ల కరగని రంగైతది. రాత్రంత గాలి కొట్టి దించితే అడుగున పడ్తది. పోచంపల్లి తీరు పట్టుకు ఆసిడ్ రంగులు, ఎసిటిక్ ఆసిడ్ వేసి పీహెచ్ 4–5ల అద్దుతరు. ఆ నీళ్లు ముందే పులుపు, బొగ్గుకు అనుకూలం. బేసిక్ రంగులు అక్రిలిక్ నూలుకు, కొబ్బరి పీచుకు, జనుముకు వాడ్తరు. మీ మిథిలీన్ బ్లూ ఆ జాతిది. దానితోని పరీక్ష చేసి రియాక్టివ్ నీళ్ల గురించి చెప్పుడు కుదరదు.

ఇంకొకటి. రంగు తొట్టి నీళ్లు, కడుగు నీళ్లు వేరువేరు పట్టుండ్రి. రంగు, ఉప్పు ఎక్కువ భాగం మొదటి రెండు తొట్లలనే ఉంటయి. అన్నీ కలిపి 10,000 లీటర్లు చేసినంక బొగ్గు వెతుక్కునే కన్నా, ఆ చిక్కటి నీళ్లను పక్కకు పెట్టుడు అగ్గువ.

ఉల్వా_విశాఖ
ధన్యవాదాలు అందరికీ. నీళ్లు రియాక్టివ్ బ్లాక్ 5 తొట్టివి, కడుగు నీళ్లతో కలిసినవి. పీహెచ్ 10.4. రియాక్టివ్‌కి పనికొచ్చేలా ఉల్వా బొగ్గును మార్చే దారేమిటి? పీహెచ్ 3కు దించడం ఒకటి తెలుసు, కానీ 10,000 లీటర్లకు ఆమ్లం, మళ్లీ క్షారం, ఖర్చు కాదా?

పాత_ల్యాబు
ఖర్చే. పైగా సోడా యాష్ నీళ్లలో ఆమ్లం పోస్తే కార్బొనేట్ అంతా కార్బన్ డయాక్సైడ్‌గా పొంగేదాకా పీహెచ్ దిగదు. మీ నీళ్లు ఎలాగూ క్షారమే కనుక క్షారంలోనే ధనావేశం నిలబెట్టుకునే పదార్థం ఎక్కించండి: మెగ్నీషియం ఆక్సైడ్. దాని సున్నా ఆవేశ బిందువు 12 చుట్టుపక్కల.

లీటరుకు 100 గ్రాముల మెగ్నీషియం క్లోరైడ్ హెక్సాహైడ్రేట్ ద్రావణం చేయండి. 100 మి.లీ.లో 10 గ్రా. నాచుపొడి ఆరు గంటలు నానబెట్టి, వడకట్టకుండా మొత్తం 90–100 డిగ్రీల దగ్గర ఎండగట్టండి. 550–600 దగ్గర గంట కాల్చండి. ఇక్కడ హైడ్రోక్లోరిక్ ఆమ్లపు ఆవిరి వస్తుంది, ఫర్నేస్ కాయిల్ జాగ్రత్త. చల్లారాక నీళ్లతో మాత్రమే కడగండి. అలవాటుకొద్దీ ఆమ్లంతో కడిగితే ఎక్కించిన మెగ్నీషియం అంతా కాలువలోకి పోతుంది. శుద్ధి క్షారంలో ఉన్న నీటిలోనే చేసి, బొగ్గు వేరుచేశాక మాత్రమే పీహెచ్ 8కి దించండి. ముందే దించితే మెగ్నీషియం కరిగి కాఠిన్యం పెరుగుతుంది.

కార్బొనేట్, సల్ఫేట్ రెండూ బొగ్గుమీద రంగు పట్టే స్థానాలకే పోటీ పడతాయి. అందుకే స్వేదనజలంలో కలిపిన రంగుతో వచ్చిన ఫలితం యూనిట్ నీళ్లలో రాదు. లీటరుకు ఉప్పు 50 గ్రా., సోడా యాష్ 10 గ్రా. కలిపిన నకిలీ తొట్టి నీళ్లతోనే మొదటి నుంచీ పని చేయండి.

తేటనీరు
ఒక అడ్డు ప్రశ్న. పీహెచ్ 11 దాటిన నీళ్లలో మెగ్నీషియం క్లోరైడ్ ఊరికే పోసి, కాస్త సున్నం వేసినా మెగ్నీషియం హైడ్రాక్సైడ్ తెల్లగా విరిగి రియాక్టివ్ రంగును పట్టుకుని కిందికి దించుతుంది. పాత పద్ధతే. మరి నాచు తెచ్చి, ఎండబెట్టి, కాల్చడం ఎందుకు? మీ పరీక్షలో అంతే మెగ్నీషియం, బొగ్గు లేకుండా, ఒక సీసా పెట్టి తీరాలి. ఆ సీసాకంటే మెరుగ్గా చేస్తేనే బొగ్గుకు విలువ.

పాత_ల్యాబు
ఒప్పుకుంటాను. బొగ్గు వైపు మిగిలే లాభం బురద పరిమాణం. మెగ్నీషియం హైడ్రాక్సైడ్ జిగురులా నీళ్లు పట్టుకుని ఉంటుంది, గుడ్డలోంచి వడకట్టడం నరకం. బొగ్గుమీద కూర్చున్నది గట్టిగా దిగుతుంది. ఆ తేడా కొలవాలంటే లీటరు కొలజాడీలో అరగంట తరవాత అడుగు ఎన్ని మి.లీ.లో చూడండి.

ఆక్వా_భీమవరం
రొయ్య పెంకుల నుంచి తీసే చిటోసాన్ సంగతి ఎవరూ ఎత్తలేదేంటండీ. ఆ పెంకులు మన దగ్గర కొదవా? 2 గ్రా. చిటోసాన్‌ను 2% ఎసిటిక్ ఆమ్లం 100 మి.లీ.లో రాత్రంతా కలిపి కరిగించి, 2 గ్రా. మెత్తటి నాచు బొగ్గు వేసి, సిరంజితో 1 మోలార్ కాస్టిక్‌లో చుక్కలుగా వదిలితే గుండ్రటి పూసలొస్తాయి. పన్నెండు గంటలు అందులోనే ఉంచి, తటస్థమయ్యేదాకా కడగాలి. ఆసిడ్ రంగులకూ రియాక్టివ్‌కీ రెండింటికీ పనిచేస్తుంది, పీహెచ్ 5.5–6 దగ్గర. అంతకంటే పైకి పోతే అమైన్ గుంపుల మీద ధనావేశం తగ్గిపోతుంది. పీహెచ్ 4కి దిగితే పూసే కరిగిపోతుంది. గ్లూటరాల్డిహైడ్‌తో బిగిస్తే నిలుస్తుంది గానీ కొన్ని అమైన్లు దానికే ఖర్చయిపోతాయి.

ముఖ్యమైన లాభం, పొడి గొడవ ఉండదు. పూసలు కాబట్టి గొట్టంలో నింపొచ్చు.

తేటనీరు
పీహెచ్ 5.5–6కి సర్దుకుంటే పట్టు అద్దకం నీళ్లకు ఇది సరైన జోడీ. ఇక లెక్కకు వద్దాం. ఈ రంగంలో ఎక్కువమంది కూలేది అక్కడే.

లాంగ్‌మ్యూర్ సమీకరణంలోని క్యూ-మ్యాక్స్ (గ్రాము బొగ్గు గరిష్ఠంగా పట్టే రంగు) అని పెద్ద అంకె రాస్తారు. అది లీటరుకు 500 మి.గ్రా. గాఢతతో పరీక్షించి గీత పొడిగిస్తే వచ్చేది. మీరు శుద్ధి చేసి వదిలే నీళ్లలో మిగలాల్సింది లీటరుకు 5 మి.గ్రా. ఆ 5 దగ్గర బొగ్గు ఎంత పడుతుందన్నదే మీకు కావాలి. ఉదాహరణకు క్యూ-మ్యాక్స్ గ్రాముకు 150 మి.గ్రా., కె-ఎల్ (రంగుమీద బొగ్గుకున్న ఆకర్షణను చెప్పే స్థిరాంకం) విలువ మి.గ్రా.కు 0.05 లీటరు అనుకుందాం. 5 మి.గ్రా. దగ్గర: 150 × 0.25 ÷ 1.25 = 30. అయిదో వంతు!

10,000 లీటర్లు, లీటరుకు 50 మి.గ్రా. నుంచి 5కి దించాలి. తీయాల్సిన రంగు 450 గ్రాములు. ఒకే తొట్టిలో ఒకేసారి కలిపితే 450 ÷ 30 = 15 కిలోల బొగ్గు రోజూ. నాచు ఎండు బరువులో 40% బొగ్గు, ఆమ్లంతో కడిగాక అందులో సగం మిగిలిందనుకుంటే ఎండు నాచు 75 కిలోలు. పచ్చి నాచులో 85% నీళ్లుంటే 500 కిలోలు. రోజూ! ఏ తీరం నుంచి తెస్తారు?

అదే రెండు తొట్లు ఎదురెదురుగా నడపండి. కొత్త బొగ్గు రెండో తొట్టిలో, కాస్త తేటపడిన నీళ్లకు. అక్కడ వాడిన బొగ్గును మొదటి తొట్టిలో, చిక్కటి నీళ్లకు. అదే సమీకరణంతో లెక్క కడితే మధ్యలో గాఢత 22 మి.గ్రా. దగ్గర నిలుస్తుంది, మొదటి తొట్టి నుంచి బయటికొచ్చే బొగ్గు గ్రాముకు 79 మి.గ్రా. మోసుకొస్తుంది. కావాల్సింది 5.7 కిలోలు. 15 ఎక్కడ, 5.7 ఎక్కడ! కొత్త రసాయనం ఏదీ వేయలేదు, బొగ్గు తిప్పే వరస మాత్రమే మార్చాం. బొగ్గును మెరుగుపరచడానికి ఏడాది పెట్టేవాళ్లు ఈ అరపేజీ లెక్క ముందు వేసుకుంటే బాగుండు.

ఇంకొక చిరాకు. రంగు పట్టే వేగానికి స్యూడో సెకండ్ ఆర్డర్ సమీకరణం అమర్చి, ఆర్-స్క్వేర్ (గీత ఎంత బాగా సరిపోయిందో చెప్పే అంకె) 0.999, కాబట్టి రసాయన అధిశోషణం (రసాయన బంధంతో అంటుకోవడం) అని రాసేస్తారు. కాలాన్ని క్యూతో (అప్పటిదాకా గ్రాము బొగ్గు పట్టిన రంగు) భాగించి మళ్లీ కాలానికే ఎదురుగా గీస్తే 0.99 రాకపోతేనే ఆశ్చర్యం. ఆ గీత యంత్రాంగం గురించి ఏమీ చెప్పదు. వక్రరేఖనే నేరుగా నాన్‌లీనియర్‌గా అమర్చండి.

ఉల్వా_విశాఖ
రెండు తొట్ల పద్ధతి బాగుంది. గొట్టం పెట్టి నిరంతరంగా నడపాలంటే ల్యాబులో ఏ కొలతలు?

తేటనీరు
లోపలి వ్యాసం 5 సెం.మీ. ఉన్న పీవీసీ లేక అక్రిలిక్ గొట్టం, బొగ్గు 60 సెం.మీ. ఎత్తు. పరిమాణం 1.18 లీటర్లు. నీళ్లు బెడ్‌లో (గొట్టంలో నింపిన బొగ్గులో) 20 నిమిషాలు ఉండాలంటే నిమిషానికి 59 మి.లీ., అంటే గంటకు మూడున్నర లీటర్లు. రేణువు 0.5–1 మి.మీ. జల్లెడ పట్టినదే. పొడి వేస్తే గంటలో అడ్డుపడుతుంది. కాల్చిన ఉల్వా పలచటి రేకు, వేళ్లమధ్యే నలిగిపోతుంది కనుక పొడినే గుళికలుగా కట్టాలి, లేదా పైన చెప్పిన పూసలు.

బొగ్గును ముందు రాత్రంతా నీళ్లలో నానబెట్టి, బురదలా పోసి నింపండి. పొడిగా పోస్తే గాలి బుడగలు దారులు కడతాయి, నీళ్లు ఆ దారినే జారిపోయి బెడ్ సగం రంగు తగలకుండానే మిగులుతుంది. నీళ్లు కింది నుంచి పైకి పంపండి. బెడ్ ముందు ఇసుక వడపోత తప్పనిసరి. గంజి, పీవీఏ (పాలీవినైల్ ఆల్కహాల్, దారానికి గంజిలా పట్టించేది) ఉన్న నీళ్లయితే అవి రంగుకంటే ముందే బెడ్‌ను నింపేస్తాయి. వాటిని గడ్డకట్టించి దించాకే ఇక్కడికి రావాలి.

నూలుపోగు
గింత చేసినంక నీళ్లు తేటగ అయితే వదిలిపెట్టొచ్చు అనుకుంటరేమో, ఉప్పు సంగతేంది? బొగ్గు ఉప్పును పట్టది. కలిపిన నీళ్లల్ల టీడీఎస్ లీటరుకు ఆరు, ఏడు వేల మి.గ్రా. ఉంటది, నియమం 2,100. రంగు 150 ప్లాటినం-కోబాల్ట్ యూనిట్లు, సీవోడీ (నీళ్లల్ల కర్బన మాలిన్యం ఎంతుందో చెప్పే కొలత) 250 లోపల ఉండాలె. తిరుపూర్‌ల అదే జరిగింది. 2011 జనవరిల మద్రాసు హైకోర్టు అద్దకం యూనిట్లను మూయించింది. నొయ్యల్ నదిల, ఒరత్తుపాళయం డ్యాంల పేరుకున్నది రంగొక్కటే కాదు, ఉప్పు గూడ. అందుకే ఆడ ఆర్‌ఓ, నీళ్లను ఆవిరి చేసే యంత్రాలు పెట్టి చుక్క బయటికి పోకుండ చేయాల్సొచ్చింది. బొగ్గు ఆర్‌ఓ పొరకు ముందు రంగు, సీవోడీ దించే కాపలా అనుకోండి. అది ఒక్కటే పెట్టి అనుమతి కోసం పోతే తిప్పి పంపుతరు.

ఉల్వా_విశాఖ
బొగ్గుకు ఇనుము ఎక్కించి, పర్‌సల్ఫేట్ అనే ఆక్సీకరణితో రంగును విడగొట్టే దారి? నైట్రోజన్ ఎక్కువున్న నాచు బొగ్గు దానికి మంచి ఉత్ప్రేరకం అంటారు.

పాత_ల్యాబు
స్వేదనజలంలో బ్రహ్మాండంగా పనిచేస్తుంది. మీ నీళ్లలో ఉప్పు వల్ల వచ్చే క్లోరైడ్ ఎక్కువ. పర్‌సల్ఫేట్ నుంచి పుట్టిన రాడికల్స్ (చురుకైన కణాలు) ముందు దాన్నే తింటాయి, పైగా క్లోరిన్ ఉన్న కర్బన పదార్థాలు కొత్తగా పుట్టే ప్రమాదం. గ్లాబర్ సాల్ట్ వాడే యూనిట్ అయితే ఆలోచించవచ్చు.

హైదరాబాదీ_నాచు
హుస్సేన్‌సాగర్‌లో పచ్చగా తేలే నాచు వాడకూడదా? ఉప్పు బాధ ఉండదు కదా.

కొలిమి
ఉప్పు ఉండదు, కానీ అది ఎక్కువగా మైక్రోసిస్టిస్ అనే నీలి-ఆకుపచ్చ నాచు, దాని విషం చేతులకు, ఊపిరికి మంచిది కాదు. తొడుగులు, మాస్కు లేకుండా ఎండు పొడి కొట్టొద్దు. కాల్చాక ఆ విషం ఉండదు. నగరపు మురుగు, పరిశ్రమల నీళ్లు చేరిన చెరువు కాబట్టి లోహాలు మాత్రం బూడిదలో పోగవుతాయి, బొగ్గును నీళ్లలో నానబెట్టి సీసం, క్రోమియం దిగుతున్నాయేమో పరీక్షించాలి. సముద్రం వైపు సర్గాసమ్ అనే గోధుమ నాచు వాడేవాళ్లు ఆర్సెనిక్‌ని అలాగే చూసుకోవాలి.

ఉల్వా_విశాఖ
చివరి ప్రశ్న. రంగు పట్టిన బొగ్గును ఎరువుగా పొలంలో వేయొచ్చా? బయోచార్ నేలకు మంచిదే కదా.

తేటనీరు
వద్దు. రియాక్టివ్ బ్లాక్ 5 అజో రంగు, అంటే రెండు నైట్రోజన్ పరమాణువుల బంధం (అజో బంధం) ఉన్నది. గాలి అందని తడి మట్టిలో సూక్ష్మజీవులు అజో బంధాన్ని తెంపితే హానికరమైన ఆరోమాటిక్ అమైన్లు మిగులుతాయి. మెటల్ కాంప్లెక్స్ రంగులైతే క్రోమియం, రాగి. ఇది ప్రమాదకర వ్యర్థాల నిబంధనల కిందికి వస్తుందో లేదో కాలుష్య నియంత్రణ మండలితో తేల్చుకుని, వచ్చేటట్టయితే దుండిగల్‌లోనో పరవాడలోనో ఉన్న ప్రమాదకర వ్యర్థాల కేంద్రానికి పంపాలి, లేదా అనుమతితో సిమెంటు కొలిమికి. పంపేముందు గుడ్డ సంచిలో నీళ్లు ఓడ్చి ఎండబెట్టండి. బరువును బట్టే డబ్బు కడతారు, తడికి కట్టడం దండగ.

కొలిమి
పారేసేముందు కొన్నిసార్లు తిప్పి వాడుకోవచ్చు. మిథిలీన్ బ్లూ లాంటి బేసిక్ రంగులు 0.1 మోలార్ ఆమ్లంతో గానీ ఆల్కహాల్‌తో గానీ కొంత దిగుతాయి. పట్టు రంగులు 0.1 మోలార్ కాస్టిక్‌తో దిగుతాయి, చిటోసాన్ పూసకు ఇది హాని చేయదు. కాకపోతే దిగిన రంగు ఆ ద్రావణంలో చిక్కగా చేరుతుంది, దాన్నెక్కడ పోస్తారో ముందే అనుకోవాలి. గాలి లేకుండా 450 దగ్గర మళ్లీ కాల్చితే ఆ గొడవ ఉండదు. సల్ఫోనేట్ రంగుల వల్ల గంధకపు పొగ వస్తుంది, పొగగొట్టంలో సున్నపు నీళ్ల వడపోత పెట్టండి. ప్రతిసారీ బొగ్గు తూకం, అదే నకిలీ తొట్టి నీళ్లలో 5 మి.గ్రా. దగ్గర అది పట్టే రంగు, రెండూ రాసుకోండి. పట్టే రంగు మొదటిసారి దాంట్లో 60 శాతానికి తగ్గాక తిప్పి కాల్చే కట్టెల ఖర్చు కూడా గిట్టదు.